టీవీని తెరగానే ఉండనివ్వండి

టీవీ కొన్నాక మొదటి రెండేళ్ళు స్ట్రీమింగ్ పెట్టె ఊసు ఎవరూ ఎత్తరు. యాపులన్నీ టీవీలోనే ఉంటాయి, రిమోట్ మీద వాటి పేర్లతో బటన్లూ ఉంటాయి. ఇబ్బంది ఆ తర్వాత మెల్లగా మొదలవుతుంది. బటన్ నొక్కాక యాప్ తెరుచుకునేలోపు పది దాకా లెక్కపెట్టొచ్చు. అప్‌డేట్ చేయబోతే స్టోరేజీ చాలదంటుంది. ఒకరోజు ఏదో ఒక యాప్ ఈ టీవీలో ఇక రానని చెప్పేస్తుంది. తెర మాత్రం కొన్న రోజున ఎలా వెలిగిందో అలాగే వెలుగుతూ ఉంటుంది. అప్పుడు చాలామంది టీవీనే మార్చేస్తారు. అది అనవసరమని గట్టిగా చెప్పదలచుకున్నాను. టీవీని తెరగా వాడుకోండి, యాపులు నడిపే పని, బొమ్మనూ శబ్దాన్నీ మోసే హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి తగిలించే, అరచేతిలో పట్టే ఒక స్ట్రీమింగ్ పెట్టెకు అప్పజెప్పండి. ఆ పెట్టెను ఎంచుకునేటప్పుడు అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో వేసిన అంకెలను పక్కనపెట్టి, దాని మీద అచ్చువేయని సంగతులు చూడండి.

స్మార్ట్ టీవీ అంటే ఆయుష్షు కలవని రెండు వస్తువులను ఒకే చట్రంలో బిగించడమే. ప్యానెల్ పదేళ్ళు హాయిగా నడుస్తుంది. వెనకున్న చిప్పు, మెమరీ నాలుగైదేళ్ళకే ఆయాసపడతాయి, ఎందుకంటే యాపులు ఏటికేడు బరువెక్కుతాయి, టీవీలోని మెమరీ మాత్రం కొన్న రోజున ఎంతో ఎప్పటికీ అంతే. 2019 డిసెంబరు 1 నుంచి కొన్ని పాత శామ్‌సంగ్, విజియో టీవీల్లోనూ, కొన్ని తొలితరం రోకు పెట్టెల్లోనూ నెట్‌ఫ్లిక్స్ రావడం ఆగిపోయింది. ఆ టీవీల తెరలకు ఏ రోగమూ లేదు. రోకు ఉన్నవాళ్ళు చిన్న పెట్టె ఒకటి మార్చుకుని ముందుకెళ్ళారు. టీవీలోని యాపు మీదే ఆధారపడ్డవాళ్ళకు మాత్రం అంత పెద్ద వస్తువూ సగం పనికిరానిదైపోయింది.

బయటి పెట్టెలకు చావు లేదని చెప్పడం లేదు. 2025 మార్చిలో గూగుల్ చిన్న స్ట్రీమింగ్ పరికరాలైన రెండోతరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. అవి 2015లో వచ్చినవి. పరికరం అసలైనదేనని రుజువు చేసే, లోపల ఉన్న డిజిటల్ సర్టిఫికెట్‌కు పదేళ్ళ గడువు తీరిపోవడమే కారణం. గూగుల్ కొన్ని రోజుల్లో సరిచేసింది కానీ, ఈ వస్తువుల ప్రాణం మన గోడకున్న ప్లగ్గులో కాకుండా ఎక్కడో దూరంగా ఉన్న సంతకాల్లో ఉంటుందని ఆ వారం బాగా తెలిసొచ్చింది. ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు పోయేదే అయినప్పుడు, పోయేది చిన్నదై ఉండటం మేలు.

మరి కొత్త టీవీ ఉన్నవాళ్ళు ఈ రోజే పెట్టె కొనాలా? అక్కర్లేదు. యాపులు చకచకా తెరుచుకుంటూ, అప్‌డేట్లు వస్తూ ఉంటే మరో రెండేళ్ళు దాన్నే వాడుకోండి. అది నెమ్మదించిన రోజున టీవీల దుకాణం వైపు వెళ్ళకండి, అంతే.

ఒక్క కారణం మాత్రం కొత్త టీవీ ఉన్నవాళ్ళకూ వర్తిస్తుంది. చాలా స్మార్ట్ టీవీల్లో ఏసీఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. తెర మీద కనిపించేదాని గుర్తులు తీసి, మీరేం చూస్తున్నారో పోల్చుకుని, ఆ సమాచారం బయటికి పంపుతుంది. కోటికి పైగా టీవీల నుంచి అనుమతి లేకుండా ఇలా సేకరించినందుకు 2017లో అమెరికాలో విజియో 22 లక్షల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకుంది. చాలామంది పొరపాటు పడేది ఒకచోట: బయటి పెట్టె తగిలించినంత మాత్రాన ఇది ఆగదు. హెచ్‌డీఎంఐ ద్వారా వచ్చే బొమ్మను కూడా టీవీ చదవగలదు. కాబట్టి టీవీని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌ను ఒకసారి పూర్తిగా అప్‌డేట్ చేసి, ఏసీఆర్ ఎంపికను ఆపి, ఆ తర్వాత టీవీలో వైఫైను మరచిపొమ్మని చెప్పాలి. ఇంటర్నెట్ పెట్టెకు మాత్రమే ఉండాలి. పెట్టె కూడా మీ సమాచారం కొంత తీసుకుంటుంది, అది వేరే సంగతి. కనీసం ఇద్దరు తీసుకునే చోట ఒకరే మిగులుతారు.

పైన పటారం, లోన లొటారం

అట్టపెట్టె మీద 4కే, 8కే, 64 జీబీ అని ధగధగలాడే పేరులేని ఆండ్రాయిడ్ పెట్టెలు ఉంటాయి. నా మాట నమ్మేట్టయితే వాటి జోలికి వెళ్ళకండి. చిప్పు 8కే వీడియోను విప్పగలిగితే సరిపోదు, ఆ వీడియో పంపేవాడు ఈ పెట్టెను నమ్మాలి. ఆ నమ్మకానికి కొలమానం వైడ్‌వైన్, అంటే వీడియోను నకలు చేయకుండా తాళం వేసే గూగుల్ పద్ధతి. ఇందులో ఎల్1 స్థాయి ఉంటే తాళం తీయడం, వీడియో విప్పడం రెండూ చిప్పులోని భద్రమైన అరలో జరుగుతాయి. ఎల్3 అయితే అదంతా మామూలు సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది కాబట్టి సినిమాలు అమ్మేవాళ్ళు ఒప్పుకోరు, ఎస్‌డీ, అంటే తక్కువ స్పష్టత ఉన్న బొమ్మతో సరిపెట్టేస్తారు. 4కే టీవీ, 4కే పెట్టె, 4కే చందా అన్నీ ఉండి కూడా మనుషుల మొహాలు మైనపు ముద్దల్లా కనిపిస్తుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. నెట్‌ఫ్లిక్స్ ఎల్1తో కూడా ఆగదు, ఒక్కో నమూనాను విడిగా పరీక్షించి ఆమోదిస్తుంది. ఎల్1 ఉన్న పెట్టెలో సైతం నెట్‌ఫ్లిక్స్ ఎస్‌డీలోనే ఆగిపోవడానికి కారణం అదే.

అమ్మేవాళ్ళను అడిగితే ‘అన్నీ వస్తాయి సార్’ అంటారు. చేతిలోకి తీసుకుని చూస్తే తెలిసిపోయే గుర్తులు కొన్ని ఉన్నాయి. రిమోట్‌తో మౌస్ బాణం కదపాల్సి వస్తోందంటే లోపల ఉన్నది టీవీ కోసం చేసిన ఆండ్రాయిడ్ కాదు, ఫోను కోసం చేసిన దాన్ని పెట్టెలో కూరారు. ప్లే స్టోర్ ఫోనులో ఉన్నట్టే కనిపిస్తే అదే గుర్తు. కొన్నాక డీఆర్‌ఎం ఇన్ఫో లాంటి చిన్న యాప్ వేస్తే వైడ్‌వైన్ స్థాయి ఎల్1 అనో ఎల్3 అనో సూటిగా రాసి చూపిస్తుంది. ఎల్3 అని కనిపిస్తే గడువు దాటకముందే తిరిగి ఇచ్చేయండి, ఏ అప్‌డేటూ దాన్ని మార్చదు.

బొమ్మ నాణ్యత పోతే పోయిందని సరిపెట్టుకోవచ్చు. ఇంకో ప్రమాదం ఉంది. 2023 జనవరిలో టీ95 అనే చవక పెట్టెలో తయారీ నుంచే మాల్‌వేర్ ఎక్కించి ఉందని ఒక భద్రతా పరిశోధకుడు బయటపెట్టాడు. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ఇలాంటి పరికరాల గుంపైన బ్యాడ్‌బాక్స్ 2.0 గురించి జనాన్ని హెచ్చరించింది. తర్వాతి నెలలో గూగుల్ ఆ ముఠా మీద కోర్టుకెక్కింది. సోకిన పరికరాలు కోటికి పైనే అని చెప్పింది. అలాంటి పెట్టె ఇంట్లో ఉంటే మీ ఇంటర్నెట్ లైన్‌ను ఎవరో అద్దెకు తీసుకుని వాడుకున్నట్టే: ప్రకటనల మోసాలు, దొంగ లాగిన్లు మీ ఇంటి చిరునామా మీద నుంచి సాగుతాయి. సినిమా బాగానే ఆడుతుంది కాబట్టి తెలిసే దారి లేదు. ‘అన్ని చానళ్ళూ ఉచితం’ అని చెప్పి అమ్మే పెట్టె ఏదైనా సరే, దానికి ఇల్లు గలవాళ్ళే మూల్యం చెల్లిస్తారు.

తీగ ఆ చివర టీవీ ఏం తీసుకోగలదు

మంచి పెట్టె తెచ్చాక కూడా బొమ్మ పేలవంగా ఉందంటే తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు తప్పు దారి పొడుగునా పంచుకుని ఉంటుంది. 4కే రావాలంటే పెట్టె, తీగ, మధ్యలో ఆంప్లిఫయర్ ఉంటే అది, టీవీ పోర్టు, అన్నీ నకలును కట్టడి చేసే హెచ్‌డీసీపీ 2.2 అనే భాష మాట్లాడాలి. మధ్యలో ఒక పాత ఆంప్లిఫయర్ ఉంటే చాలు, పెట్టె మారుమాట లేకుండా 1080పీకి దిగిపోతుంది. తొలినాటి 4కే టీవీల్లో నాలుగు పోర్టులుంటే ఒకటో రెండో మాత్రమే దీనికి పనికొస్తాయి. టీవీ మాన్యువల్లో చూడండి, లేదా ఒక్కో పోర్టుకూ మార్చి చూసుకోండి.

పోర్టు సరైనదే అయినా కొన్ని టీవీలు దాన్ని సగం సామర్థ్యంతోనే తెరిచి ఉంచుతాయి. పాత పెట్టెలతో పేచీ రాకుండా చేసిన ఏర్పాటు అది. శామ్‌సంగ్‌లో ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’, ఎల్‌జీలో ‘హెచ్‌డీఎంఐ డీప్ కలర్’, సోనీలో ‘హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్’ కింద ‘ఎన్‌హాన్స్‌డ్’ అన్న ఎంపికను, పెట్టె తగిలించిన పోర్టుకు విడిగా వేయాలి. ఇది వేయకపోతే వెలుగునీడల తేడాను బాగా చూపే హెచ్‌డీఆర్ సరిగా రాదు, వచ్చినా 4కే 60 హెర్ట్జ్‌లో (సెకనుకు 60 బొమ్మలు) నిలవదు. టీవీ బాగాలేదని వాపసు ఇవ్వబోయే ముందు ఈ ఒక్క స్విచ్చు చూడండి.

తీగ గురించి ఎక్కువ చెప్పను. స్ట్రీమింగ్‌కు సెకనుకు 18 గిగాబిట్లు మోసే ‘ప్రీమియం హై స్పీడ్’ తీగ సరిపోతుంది. రెండు మూడు మీటర్లు దాటితే తీగ నాణ్యత మీద అనుమానం పెట్టుకోండి. బొమ్మ మీద తెల్లని చుక్కలు మెరవడం, రెండు క్షణాలు నల్లబడి మళ్ళీ రావడం తీగ తడబడుతోందనడానికి గుర్తు. బంగారు పూత తీగ వల్ల రంగులు మెరుగుపడవు, డిజిటల్ సంకేతం వస్తే వస్తుంది, లేకపోతే విరుగుతుంది.

ఇరవై నాలుగు, అరవై

ఈ విషయం ఏ అట్టపెట్టె మీదా ఉండదు. సినిమా ప్రేమికులు పెట్టెను ఎంచుకునేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం.

సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. పెట్టెలు చాలావరకు ఎప్పుడూ 60 హెర్ట్జ్‌లోనే బొమ్మ పంపుతాయి. 60ని 24తో భాగిస్తే రెండున్నర. తెరకు అర ఫ్రేము చూపించడం కుదరదు కాబట్టి ఒక ఫ్రేమును రెండుసార్లు, తర్వాతిదాన్ని మూడుసార్లు, మళ్ళీ రెండుసార్లు, మళ్ళీ మూడుసార్లు చూపిస్తుంది. అంటే ఒక ఫ్రేము 33 మిల్లీసెకన్లు నిలుస్తుంది, పక్కది 50 మిల్లీసెకన్లు. కెమెరా నిదానంగా పక్కకు తిరుగుతూ ఒక వరండా స్తంభాలను చూపిస్తున్న షాటును ఊహించుకోండి. నిజానికి స్తంభాలు ఒకే వేగంతో జరగాలి. ఇక్కడ మాత్రం జరిగి, కాస్త ఆగి, జరిగి, ఇంకాస్త ఎక్కువ ఆగి, కుంటుతూ నడుస్తాయి. చివర్లో పైకి జరిగే పేర్ల పట్టీని చదవబోయినా ఇదే కుంటినడక కనిపిస్తుంది. చాలామంది దీన్ని ఇంటర్నెట్ నెమ్మదనుకుని రౌటర్‌ను తిడతారు, ఇంకొందరు టీవీలో మధ్య ఫ్రేములు కల్పించే మోషన్ స్మూతింగ్ వేసి సినిమాను సీరియల్‌లా చేసుకుంటారు.

అసలైన మందు తేలిక. సినిమా మొదలవగానే పెట్టె తన అవుట్‌పుట్‌ను 24 హెర్ట్జ్‌కు మార్చాలి. అప్పుడు ప్రతి ఫ్రేమూ సరిగ్గా 41.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. యాపిల్ టీవీలో సెట్టింగ్స్, వీడియో అండ్ ఆడియో, మ్యాచ్ కంటెంట్ లోపల ‘మ్యాచ్ ఫ్రేమ్ రేట్’, ‘మ్యాచ్ డైనమిక్ రేంజ్’ అని రెండు స్విచ్చులుంటాయి. 2017 చివర్లో వచ్చిన అప్‌డేట్‌తో వీటిని ఇచ్చారు. రెండూ వేసి, ఫార్మాట్‌ను 4కే ఎస్‌డీఆర్‌లో (హెచ్‌డీఆర్ కాని మామూలు రకం) ఉంచండి. హెచ్‌డీఆర్‌లో ఒక రకమైన డాల్బీ విజన్‌లో వదిలేస్తే మామూలు వీడియోలను, మెనూను సైతం పెట్టె హెచ్‌డీఆర్‌గా మార్చి పంపుతుంది. పాత సినిమాల రంగులు వాటి సహజత్వం కోల్పోయేది అక్కడే. అమెజాన్ ఫైర్ టీవీలో డిస్‌ప్లే సెట్టింగుల కింద ‘మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్’ ఉంటుంది. పక్కనే డైనమిక్ రేంజ్‌ను ‘అడాప్టివ్’లో పెట్టాలి, ‘ఆల్వేస్ హెచ్‌డీఆర్’లో వద్దు. కొత్త గూగుల్ టీవీ పెట్టెల్లో, రోకులో కూడా ఈ ఎంపిక ఉంది.

రెండు చిక్కులు ఉన్నాయి, ముందే తెలిస్తే మంచిది. మోడ్ మారినప్పుడల్లా తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడుతుంది. అది లోపం కాదు, టీవీ, పెట్టె కొత్త వేగం మీద మళ్ళీ చేతులు కలుపుకుంటున్నాయి. రెండోది పెద్దది: పెట్టెలో స్విచ్చు ఉన్నా యాపు అడగాలి. యాపు రాసినవాళ్ళు ఆ శ్రద్ధ పెట్టకపోతే పెట్టె 60లోనే ఉండిపోతుంది. అందుకే కొన్న మొదటి వారంలో, మీరు ఎక్కువగా చూసే ప్రతి యాపులోనూ ఒక సినిమా మొదలుపెట్టి, టీవీ రిమోట్‌లోని ఇన్ఫో బటన్ నొక్కండి. 3840, 2160 పక్కన 24 అని కనిపించాలి.

ఆటలు చూసేవాళ్ళ సమస్య వేరు. 50 హెర్ట్జ్ ప్రసారాలున్న దేశాల్లో మ్యాచులు సెకనుకు 50 ఫ్రేములతో వస్తాయి. 60 హెర్ట్జ్‌లో ఇరికిస్తే ప్రతి ఐదు ఫ్రేములకు ఒకటి రెండోసారి కనిపిస్తుంది. వేగంగా దూసుకెళ్ళే బంతి సెకనుకు పదిసార్లు ఆగి ఆగి కదిలినట్టుంటుంది. యాపు ఫ్రేమ్ రేటు మార్చకపోతే, మ్యాచ్ చూసేంతసేపు పెట్టెను చేత్తోనే 50 హెర్ట్జ్‌లో పెట్టుకోవచ్చు. కాస్త విసుగే కానీ తేడా వెంటనే కళ్ళకు తెలుస్తుంది.

కోడెక్కులు, మెమరీ

వీడియోను కుదించే పద్ధతులు (కోడెక్కులు) మారుతూ వచ్చాయి: హెచ్.264, తర్వాత 2013లో హెచ్‌ఈవీసీ, వీపీ9, 2018లో ఏవీ1. కొత్తది అయ్యేకొద్దీ అదే నాణ్యతకు తక్కువ డేటా చాలు. అయితే విప్పే పని చిప్పులోని ప్రత్యేక భాగం చేయాలి, లేకపోతే పెట్టె వేడెక్కి ఫ్రేములు వదిలేస్తుంది. యూట్యూబ్‌లో ఏదైనా వీడియో పెట్టి సెట్టింగుల్లో ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ తెరవండి. కోడెక్ ఎదురుగా ఏవీ01 అనో వీపీ09 అనో ఉంటుంది, దాని దగ్గరే వదిలేసిన ఫ్రేముల లెక్క ఉంటుంది. ఐదు నిమిషాల్లో ఆ లెక్క వందలు దాటితే చిప్పు ఆయాసపడుతోందని అర్థం. ఇప్పుడు కొత్తగా కొనే పెట్టెలో ఏవీ1 ఉండటం మేలు. లేదని మంచి పెట్టెను కాదనుకోకండి, సేవలన్నీ ఇంకా పాత పద్ధతుల్లోనూ పంపుతున్నాయి.

మెమరీ విషయంలో మాత్రం రాజీ పడకండి. 8 జీబీ అని రాసిన పెట్టెలో సగం దాకా సిస్టమ్ తినేస్తుంది. డజను యాపులు వేస్తే నిండిపోతుంది, ఆపై అప్‌డేట్లు ఆగిపోతాయి, అప్‌డేట్ లేని యాపు ఒకరోజు తెరుచుకోవడం మానేస్తుంది. 2020 నాటి క్రోమ్‌కాస్ట్ విత్ గూగుల్ టీవీ వాడినవాళ్ళకు ఈ బాధ బాగా తెలుసు. 16 జీబీ ఉంటే ఊపిరాడుతుంది. ర్యామ్ 2 జీబీకి తగ్గితే ఒక యాపులోంచి ఇంకో దానికి వెళ్ళి వచ్చేసరికి మొదటిది మళ్ళీ మొదటినుంచీ తెరుచుకుంటుంది.

కరెంటూ వైఫైయూ

పాడైపోయిందని పక్కన పడేసే స్టిక్కుల్లో (టీవీ పోర్టులో నేరుగా గుచ్చే పుల్లలాంటి పెట్టెలు) చాలావాటికి అసలు జబ్బు కరెంటు చాలకపోవడం. టీవీ వెనక యూఎస్‌బీ పోర్టు ఖాళీగా ఉంది కదా అని స్టిక్కును అందులో గుచ్చుతారు. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 5 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్లు, అంటే 2.5 వాట్లు. స్టిక్కుతో పాటు ఇచ్చే అడాప్టర్ 5 వాట్లదో అంతకు మించినదో. మెనూలో తిరుగుతున్నంతసేపు సగం కరెంటుతో నెట్టుకొస్తుంది. 4కే వీడియో మొదలై, వైఫై గట్టిగా పనిచేయాల్సిన క్షణంలో వోల్టేజీ పడిపోయి రీస్టార్ట్ అవుతుంది. రాత్రి అప్‌డేట్ ఎక్కించుకుంటుండగా ఇలా జరిగితే లోగో దగ్గరే బిగుసుకుపోవచ్చు. పైగా టీవీ ఆపగానే ఆ పోర్టులో కరెంటు పోతుంది కాబట్టి ప్రతిసారీ మొదటినుంచీ బూట్ కావాలి. పెట్టెతో వచ్చిన అడాప్టర్‌ను, పెట్టెతో వచ్చిన తీగతోనే గోడ ప్లగ్గులో పెట్టండి. పాత ఫోనుకు వచ్చిన సన్నటి పొడుగు తీగ వాడినా ఇదే తంటా, దారిలోనే వోల్టేజీ కారిపోతుంది.

వైఫై కథ కూడా టీవీ వెనకే నడుస్తుంది. స్టిక్కు నేరుగా పోర్టులో గుచ్చితే దాని ముందు పెద్ద లోహపు పలక, పక్కన హెచ్‌డీఎంఐ తీగలు చిమ్మే రొద. సోఫాలో కూర్చుని ఫోనులో వేగం చూసి బాగానే ఉందనుకుంటారు. టీవీ వెనక అందేది అందులో ఎన్నో వంతో ఎవరూ చూడరు. వేగం పెట్టెలోనే కొలవాలి. నెట్‌ఫ్లిక్స్ యాపులో ‘గెట్ హెల్ప్’ కింద నెట్‌వర్క్ పరీక్ష ఉంటుంది. పెట్టెలో బ్రౌజర్ ఉంటే ఫాస్ట్ డాట్ కామ్ తెరిచినా సరే. నెట్‌ఫ్లిక్స్ 4కేకు సెకనుకు 15 మెగాబిట్లు, 1080పీకి 5 చాలంటుంది. నాలుగు గంటలూ నిలకడగా రావాలి కాబట్టి 4కేకు 25 అందేలా చూసుకుంటే నిశ్చింత. అందకపోతే స్టిక్కుతో వచ్చే జానెడు హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్‌ను పారేయకుండా తగిలించి, స్టిక్కును టీవీ అంచు దాటి బయటికి వేలాడేలా పెట్టండి. చాలా ఇళ్ళల్లో ఇదొక్కటే సరిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ వదిలి 5కు మారడం రెండో అడుగు.

రౌటర్ నుంచి తీగ లాగగలిగితే ఈథర్నెట్ అన్నిటికంటే ఉత్తమం. 100 మెగాబిట్ల పోర్టు అని చిన్నచూపు చూడకండి, మామూలు స్ట్రీమింగ్ సేవలకు అది కావలసినదానికంటే చాలా ఎక్కువ. ఒక్క మినహాయింపు ఉంది: ఇంట్లో సర్వర్ పెట్టుకుని 4కే బ్లూరే నకళ్ళను కుదించకుండా ఆడించేవాళ్ళు. అవి సెకనుకు 128 మెగాబిట్ల దాకా ఎగబాకగలవు, 100 పోర్టు మీద సరిగ్గా పోరాట దృశ్యం మధ్యలో ఆగుతాయి. వాళ్ళకు గిగాబిట్ పోర్టు తప్పదు.

శబ్దం గురించి నాలుగు మాటలు. చుట్టూ, పైనుంచీ వినిపించే డాల్బీ అట్మాస్ శబ్దం కోసం ఈ-ఆర్క్ (టీవీ నుంచి సౌండ్‌బార్‌కు శబ్దం పంపే ఆర్క్ అనే హెచ్‌డీఎంఐ దారిలో మెరుగైన రకం) ఉన్న టీవీ కొనాలని చెబుతుంటారు. స్ట్రీమింగ్ సేవలు అట్మాస్‌ను డాల్బీ డిజిటల్ ప్లస్‌లో పంపుతాయి, దానికి మామూలు ఆర్క్ చాలు. ఈ-ఆర్క్ కావలసింది డిస్కుల్లో ఉండే, కుదింపులో ఏమీ పోగొట్టని ట్రూహెచ్‌డీ శబ్దానికి. పాత ఆప్టికల్ తీగ మాత్రం డాల్బీ డిజిటల్ ప్లస్‌ను మోయలేదు. సౌండ్‌బార్ ఏదీ లేకుండా టీవీ స్పీకర్లే వాడుతుంటే పెట్టెలో ఆడియోను స్టీరియోకు మార్చండి. మాటలు సన్నగా, పేలుళ్ళు పెద్దగా వినిపించే బాధ చాలాసార్లు దీనితోనే తగ్గుతుంది. పెద్ద శబ్దాలను తగ్గించే ఎంపిక కూడా ఉంటే రాత్రిపూట వేసుకోండి.

మరి ఏది కొనాలి? ఇంట్లో సినిమాలే ముఖ్యమైతే, ముందుపేజీలో ప్రకటనల గోల వద్దనుకుంటే, 2022 నాటి యాపిల్ టీవీ 4కే. మీ ఫోను కూడా ఐఫోనే అయితే ఇక ఆలోచించక్కర్లేదు. ఏ15 చిప్పు ఇన్నేళ్ళయినా తడుముకోవడం లేదు. ఈథర్నెట్ కావాలంటే 64 జీబీది కాక 128 జీబీది తీసుకోవాలి, పోర్టు దానికే ఉంది. ఏవీ1 లేదు, ట్రూహెచ్‌డీని నేరుగా పంపదు, ఈ రెండూ అవసరమైనవాళ్ళు కొద్దిమందే. ఆండ్రాయిడ్ ఫోన్లున్న ఇంటికి 2024లో వచ్చిన గూగుల్ టీవీ స్ట్రీమర్: 4 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ, గిగాబిట్ పోర్టు. హెచ్‌డీఎంఐ తీగ మాత్రం అట్టపెట్టెలో ఉండదు, విడిగా తెచ్చుకోవాలి.

ఫైర్ టీవీల్లో 2023 నాటి స్టిక్ 4కే మ్యాక్స్ తీసుకోండి, స్టిక్కుల్లో 16 జీబీ ఉన్నది అదే. ముందుపేజీ నిండా ప్రకటనలు ఉంటాయని తెలిసి తీసుకోండి. 2025లో వచ్చిన 4కే సెలెక్ట్ ఆండ్రాయిడ్ వదిలేసి అమెజాన్ సొంత వేగా ఓఎస్ మీద నడుస్తుంది. అమెజాన్ యాప్ స్టోర్ బయటి యాపులు అందులో ఎక్కవు. అలాంటి యాపు ఏదైనా మీకు రోజూ కావాలంటే అది వద్దు. రోకు పెద్దవాళ్ళు సైతం ఇట్టే నేర్చుకునేంత తేలిక, కాకపోతే మీ భాష సేవలన్నీ అందులో ఉన్నాయో లేదో ముందు జాబితా చూసుకోవాలి. ఎన్‌విడియా షీల్డ్ టీవీ ప్రో 2019 నాటిది, ఏవీ1 లేదు. అయినా ఇంటి సర్వర్‌లో డిస్కు నకళ్ళు దాచుకున్నవాళ్ళకు, ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ ముట్టుకోకుండా ఆంప్లిఫయర్‌కు పంపాలనుకునేవాళ్ళకు ఇప్పటికీ దానివైపే నా మొగ్గు.

కొత్త పెట్టె తెచ్చాక పాతదాన్ని డ్రాయర్‌లో పడేసి మరచిపోవడమో, ఎవరికైనా ఇచ్చేయడమో చేస్తారు. దానిలో మీ ఖాతాలన్నీ తెరిచే ఉంటాయి, కొన్నిటికి కొనుగోలు బటన్ కూడా పిన్ లేకుండా పనిచేస్తుంది. ఇచ్చే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. రీసెట్ చేసినా కొన్ని పరికరాలు మీ పేరు మీదే నమోదై ఉండిపోతాయి, తీసుకున్నవాళ్ళకు తెరుచుకోవు. అందుకని ఫోనులోనో కంప్యూటర్‌లోనో అమెజాన్, గూగుల్, యాపిల్ ఖాతాలోని పరికరాల జాబితా తెరిచి అక్కడ్నుంచీ తీసేయండి, ఒక్కో సేవలోనూ ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ నొక్కండి. అడాప్టర్‌నూ, ఆ జానెడు ఎక్స్‌టెండర్‌నూ పెట్టెతోనే కట్టి ఇవ్వండి. అవి లేకపోతే తీసుకున్నవాళ్ళు కూడా దాన్ని టీవీ యూఎస్‌బీ పోర్టులోనే గుచ్చుతారు.